శనివారం మా ఇంట్లో డెక్ పని, ఎవరేం తేవాలంటే

అందరికీ నమస్తే. న్యూజెర్సీలో చలి మొదలయ్యేలోపు మా డెక్‌కి (ఇంటికి ఆనుకున్న చెక్క అరుగు) స్టెయిన్, అంటే చెక్కలోకి ఇంకే నూనె రంగు, వేసేద్దాం. శనివారం పొద్దున 8కల్లా రండి. మాది పడమటి వైపు కాబట్టి 12 దాకా ఎండ పడదు. ఎండలో వేడెక్కిన చెక్క మీద వేస్తే స్టెయిన్ లోపలికి ఇంకకుండా పైపైనే ఆరిపోయి మరకలు కడుతుంది.

బుధవారం నేనే కడిగి పెడతాను, రెండు రోజులు బాగా ఆరాలి. పోయినేడు వాన పడిన మర్నాడే తొందరపడి వేశాను, చలికాలం దాటేసరికి మెట్ల దగ్గర గోరుతో గీకితే ఉల్లిపొరలా ఊడొచ్చింది! ఈసారి ముందు నాలుగు నీటిచుక్కలు వేసి చూస్తా, పీల్చుకుంటేనే డబ్బా మూత తీసేది.

సాండర్ (చెక్కని రుద్ది నున్నగా చేసే మెషిన్) ఉన్నవాళ్లు తెండి, దానికి వేసే 80 నంబర్ గరుకు కాగితాలు నా దగ్గరున్నాయి. మాస్కులు, పాత బట్టలు, మోకాళ్ల కింద వేసుకునే మెత్తలు ఎవరివి వాళ్లవే.

వేసేటప్పుడు రెండు మూడు పలకలు పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరదాకా పోవాలి, మధ్యలో ఆపి ఫోన్ చూసుకుంటే అక్కడ గీత పడుతుంది (ఎవరినంటున్నానో వాళ్లకి తెలుసు). మిగిలిన తడి పావుగంటలోపు గుడ్డతో తుడిచేయాలి.

ఆ నూనె గుడ్డలు మాత్రం ఉండచుట్టి గరాజ్‌లో పడేయకండి ప్లీజ్, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లు పోసిన ఇనప బకెట్ పెడతాను, అందులోనే వేయండి.

వానొస్తే వాయిదా. వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోపు చెప్పండి, పులిహోర ఎంత కలపాలో తెలియాలి.