మొదటి రిమోట్ హెలికాప్టర్ కొందామని వచ్చేవాళ్ళకి, విజయవాడ గవర్నర్‌పేట మన షాపు కౌంటర్ నుంచి

వేసవి సెలవులు దగ్గర పడ్డాయి కాబట్టి ముందే చెప్పేస్తున్నా. ఈ నెల నుంచి ఆరు ఛానెళ్ళ, అంటే ఆరు వేరువేరు కంట్రోళ్ళుండే రిమోట్ హెలికాప్టర్లు మన షోకేసులో కనపడవు. లోపల ఉన్నాయి, అడిగితే తీసి చూపిస్తాం, కానీ ఇంతకు ముందు ఏదీ ఎగరేయనివాళ్ళకి మాత్రం అమ్మం. "డబ్బు నాది, మీకేంటండీ బాధ" అని ఇప్పటికే ఒకాయన కోప్పడి వెళ్ళారు. ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు. పెద్దది అమ్మితే మాకూ నాలుగు డబ్బులు ఎక్కువే మిగులుతాయి. అయితే ఆ పెట్టె వారం తిరక్కుండానే ముక్కలతో మళ్ళీ మా కౌంటర్ మీదకి వస్తుంది, బాగు చేయించడానికి అయ్యే ఖర్చు వినగానే ఆ మనిషి ఇక హెలికాప్టర్ జోలికే రాడు. మాకు కావాల్సింది బ్లేడ్లకీ బ్యాటరీలకీ ఏళ్ళ తరబడి వచ్చే కస్టమరు, ఇందులో దాపరికం ఏమీ లేదు.

వచ్చినవాళ్ళు ముందు అడిగేది "ఎన్ని ఛానెళ్ళండీ" అని, కేబుల్ ప్యాకేజీ అడిగినట్టు. ఎక్కువుంటే మంచిదనేమీ లేదు. మూడు ఛానెళ్ళంటే పైకీ కిందకీ, ముందుకీ వెనక్కీ, ముక్కు కుడికీ ఎడమకీ. నాలుగోది వస్తే పక్కకి కూడా జరుగుతుంది, అంటే మీ బొటనవేళ్ళకి పని పెరిగింది. మేము అడిగే ప్రశ్న వేరే: ఎక్కడ ఎగరేస్తారు? హాల్లోనా, డాబా మీదా, గ్రౌండ్‌లోనా? అది చెబితే సగం సెలక్షన్ అయిపోయినట్టే.

హాల్లో అంటే కళ్ళు మూసుకుని రెండు ఫ్యాన్లది తీసుకోండి, అంటే ఒకే కడ్డీ మీద పైన ఒక జత బ్లేడ్లు, కింద ఒక జత ఉండేది. మామూలు హెలికాప్టర్‌లో పై ఫ్యాన్ ఒక వైపు తిరిగితే బాడీ రెండో వైపు తిరిగిపోవాలని చూస్తుంది, దాన్ని ఆపడానికే తోక ఫ్యాన్. ఇందులో రెండు జతలూ ఎదురెదురుగా తిరుగుతాయి కాబట్టి ఒకదాని లాగుడు ఇంకోదానితో సరిపోతుంది, పైన ఉండే బ్యాలెన్స్ బార్ మిగతా ఊగుడుని ఆపుతుంది. మీరు కంగారులో చెయ్యి వదిలేసినా పల్టీ కొట్టదు. సైమా ఎస్107జి ఈ రకమే, మూడు ఛానెళ్ళు, ఇన్‌ఫ్రారెడ్ రిమోట్. ఇన్‌ఫ్రారెడ్ అంటే టీవీ రిమోట్‌లో ఉండేదే, ఎండలో పనిచెయ్యదు. మధ్యాహ్నం డాబా మీద ఎగరేసి "సిగ్నల్ అందట్లేదు" అని పట్టుకొస్తే మేము చేసేదేమీ ఉండదు. ఇంకోటి, ఇవి గాలికి ఆగవు. హాల్లో సీలింగ్ ఫ్యాన్ ఆపాల్సిందే, మే నెలలో బెజవాడలో అది ఎంత పెద్ద త్యాగమో నాకూ తెలుసు, కానీ ఎగిరేది ఆరేడు నిమిషాలే కదా, మళ్ళీ అరగంట పైన చార్జింగ్, అప్పుడు వేసుకోండి.

డిఫెక్ట్ పీస్ అని మాకు తిరిగొచ్చేవాటిలో చాలావాటికి డిఫెక్ట్ ఉండదు. "తనంతట తనే గుండ్రంగా తిరిగేస్తోంది" అంటారు. స్విచ్ వేసి సమంగా ఉన్న నేల మీద కాసేపు కదపకుండా ఉంచాలి, లోపలి గైరో (తిరుగుడుని పసిగట్టే భాగం) సెట్ అవుతుంది, అప్పటికీ తిరిగితే రిమోట్ మీద ట్రిమ్ (చిన్న తేడాలు సరిచేసే మీట) కొద్దికొద్దిగా ఎదురు వైపుకి తిప్పాలి, అంతే. "ఊగుతోంది" అని తెచ్చినవాటిని పక్కకి వంచి చూస్తే బ్లేడు కదలదు, స్క్రూ బిర్రుగా బిగించేసి ఉంటారు. వంచగానే బ్లేడు తన బరువుకి తనే జారాలి, అంత వదులు ఉండాలి. బ్లేడ్ల మీద ఎ, బి అని ఉంటుంది, పైవి కిందవి మార్చి వేస్తే లేవదు. ఇక తలవెంట్రుకలు! నేల మీద పడ్డ పొడుగు వెంట్రుక గేరు కింద కడ్డీకి చుట్టుకుని మోటారుని పట్టేస్తుంది, మా రిపేరు కుర్రాడు పట్టకారు పెట్టి ఒక్కోటి లాగుతుంటే చూసేవాళ్ళు నవ్వుతారు. ఎగరేసే ముందు ఒకసారి ఇల్లు ఊడ్చుకుంటే ఆ పని తప్పుతుంది.

కొంచెం పెద్ద పిల్లలకి, లేదా మీకే నిజంగా నేర్చుకోవాలని ఉంటే, డబ్ల్యూఎల్‌టాయ్స్ వి911 లాంటిది చూడండి, ఒకే పెద్ద ఫ్యాను, తోక ఫ్యాను, నాలుగు ఛానెళ్ళు, 2.4 గిగాహెర్ట్జ్ రేడియో రిమోట్ కాబట్టి ఎండతో గొడవ లేదు. ఇది ఊరికే దారికి రాదు. నేలకి దగ్గర్లో తన గాలిలో తనే తూలుతుంది, అందుకని భయపడి జానెడు ఎత్తులో ఉంచకుండా నడుము ఎత్తుకి లేపెయ్యాలి. తోక మీ వైపు పెట్టుకుని మొదలుపెట్టండి, ముక్కు మీ వైపు తిరిగితే కుడి ఎడమలు తారుమారై ఎంతటివాడికైనా టెన్షనే. గుద్దుకునేటప్పుడు అందరి వేలూ ఎత్తు పెంచే తగ్గించే మీటని, అంటే థ్రాటిల్‌ని పైకి తోస్తుంది, అక్కడే గేర్లు అరుగుతాయి. గుద్దేస్తుంది అనిపించగానే థ్రాటిల్ పూర్తిగా కిందకి లాగెయ్యండి, పడితే పడనివ్వండి.

ఆరు ఛానెళ్ళవాటి సంగతి ఎందుకు ఇంత పట్టుదలగా చెబుతున్నానంటే, అందులో బ్లేడ్ల వాలు కూడా మారుతుంది, తలకిందులుగా కూడా ఎగురుతుంది, చేతిలో పట్టే చిన్నవైతే ఫర్వాలేదు గానీ 450 సైజువి ఆటబొమ్మలు కావు. ఫ్యాను వెడల్పు రమారమి 70 సెంటీమీటర్లు, నిమిషానికి 2,500 చుట్లు తిరిగితే బ్లేడు కొన గంటకి 300 కిలోమీటర్ల పైన పోతున్నట్టు లెక్క. చిన్నది చేతిలో కుదిరాక, కంప్యూటర్‌కి రిమోట్ తగిలించి, తెర మీద ఎగరేసే సిమ్యులేటర్‌లో చేయి తిరిగాక రండి, మంచిది నేనే ఇప్పిస్తా.

ఆల్టిట్యూడ్ హోల్డ్ ఉన్నవి చాలామంది అడుగుతున్నారు, ఎత్తు అదే చూసుకుంటుంది. ఎనిమిదేళ్ళ పిల్లాడు పెద్దవాళ్ళు పక్కనుండగా ఆడుకోవడానికి బాగానే ఉంటుంది, నేర్చుకోవాలనుకునేవాళ్ళకి మాత్రం నేను చెప్పను, థ్రాటిల్ చేతికి అలవాటు కాదు.

బయట ఎగరేసేవాళ్ళు ఘాట్ల వైపు వెళ్ళకండి, కృష్ణ మీద గాలి ఎప్పుడూ ఉంటుంది, పడితే నీళ్ళపాలే. పొద్దున్నే ఖాళీ గ్రౌండ్ చూసుకోండి. 2021 డ్రోన్ రూల్స్‌లో 250 గ్రాముల వరకు నానో తరగతి, మన చిన్నవన్నీ అందులోకే వస్తాయి, అయినా ఎయిర్‌పోర్ట్ పక్కలాంటి రెడ్ జోన్‌లో అనుమతి లేకుండా ఎగరేయకూడదు. గన్నవరం ఎయిర్‌పోర్ట్ చుట్టుపక్కల ఉండేవాళ్ళు ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూసుకోండి.

బ్యాటరీలు బండి డిక్కీలో, ఎండలో పెట్టిన కారులో వదలొద్దు. ఎగిరిన వెంటనే వేడి మీద చార్జింగ్ పెట్టొద్దు, రాత్రంతా పెట్టి పడుకోవద్దు. నిండా చార్జ్ చేసి స్కూళ్ళు తెరిచాక నెలల తరబడి మూల పడేస్తే ఉబ్బుతాయి. ఉబ్బినదాన్ని నొక్కొద్దు, పొడవొద్దు, మాకు తెచ్చి ఇవ్వండి.

వి911కి విడి బ్యాటరీలు ప్రస్తుతం స్టాకు లేవు. లిథియం బ్యాటరీలు విమానంలో వెయ్యడానికి ఆంక్షలు ఎక్కువ, మావి లారీలోనే వస్తాయి, అందుకే ఆలస్యం. ఎస్107జి బ్లేడ్ల సెట్లు, తోక ఫ్యాన్లు, గేర్లు ఉన్నాయి. కొనేటప్పుడే ఒక సెట్ అదనంగా తీసుకెళ్ళండి, మళ్ళీ ఎండలో పడి రావక్కర్లేదు. ఎగరేసి చూడకుండా పెట్టె కట్టించుకోవద్దు, వెనక గదిలో ఫ్యాన్ ఆపి మీ చేతికే రిమోట్ ఇస్తాం.