2024–25 వార్షిక నివేదిక: చెరువులో గుర్రపు డెక్క, దాని కోసం మనం తయారు చేసుకున్న దంతె

గౌరవ సభ్యులకు నమస్కారం. వీధిదీపాల మరమ్మతు, మొక్కల పెంపకం, సంక్రాంతి ముగ్గుల పోటీ ఈ ఏడాదీ యథావిధిగా జరిగాయి. వాటి జమాఖర్చుల పట్టికను విడిగా జతచేశాం. సభ్యుల చందాలోనూ శ్రమలోనూ పెద్ద వాటా చెరువుకే వెళ్ళింది కనుక, ఈ నివేదికను దాదాపుగా దానికే కేటాయిస్తున్నాం.

విశాఖపట్నంలో పెందుర్తి వైపున్న మన చెరువులోకి ఎగువ కాలనీల వాడకం నీరు గెడ్డ (వాగు) వెంట వచ్చి చేరుతోంది. అందులోని నత్రజని, భాస్వరమే నీటిపై తేలుతూ పెరిగే కలుపుమొక్క గుర్రపు డెక్కకు ఎరువు. అమెజాన్ పరీవాహక ప్రాంతానికి చెందిన ఈ మొక్కను దాని ఊదా రంగు పూల కోసమే దేశదేశాలకూ తీసుకెళ్ళి పెంచారు. అనుకూలమైన వేడి, ఎరువు దొరికితే రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది. కూలీలను పెట్టి తీయించినా, జేసీబీ చేయి గట్టు మీది నుంచి అందినంత మేరే శుభ్రపడేది. నడిమధ్యన మిగిలిన గుంపు నుంచి తీగలు సాగి, వానాకాలం ముగిసేసరికి చెరువు మళ్ళీ కప్పుకుపోయేది.

కలుపు మందు కొట్టిద్దామన్న సూచనకు కార్యవర్గం ఒప్పుకోలేదు. చచ్చిన డెక్క నీటిలోనే కుళ్ళితే ప్రాణవాయువు తగ్గి చేపలు చనిపోతాయి, మొక్క పీల్చుకున్న ఎరువంతా తిరిగి ఆ నీటిలోనే కలుస్తుంది. కోసే బ్లేళ్ళు అమర్చడానికీ మేము ఒప్పుకోలేదు, ఎందుకంటే తెగిన కాడకు మొదలు కొంచెం అంటుకుని ఉన్నా అది కొత్త మొక్కగా లేస్తుంది. మొక్కను వేరుతో సహా పట్టి గట్టెక్కించడమే సరైన పద్ధతి అన్నది మా నిశ్చితాభిప్రాయం. పరికరం మొత్తం ఆ ఒక్క ఆలోచన చుట్టూ తయారైంది.

ఒక సభ్యుడు ఇచ్చిన ట్రాక్టరుకు వెనుక పరికరాలను మూడు చోట్ల తగిలించే త్రీ పాయింట్ లింకేజీలో తగిలేలా గాజువాక ఆటోనగర్‌లో ఒక ఇనుప చట్రం చేయించాం. పాత లారీలో ఇంజను శక్తిని రెండు వెనుక చక్రాలకూ పంచే డిఫరెన్షియల్ లోపలి పళ్ళచక్రాలను వెల్డింగుతో బిగించి, ఒకవైపు యాక్సిల్‌కు తాడు చుట్టుకునే డ్రమ్మును అమర్చి, ట్రాక్టరు ఇంజను శక్తిని బయటి పరికరాలకు అందించే పీటీవో షాఫ్టుతో తిప్పుతున్నాం. నిమిషానికి 540 చుట్లు తిరిగేందుకు ఉద్దేశించిన పీటీవోను ఇంజను తక్కువ వేగంలో నడుపుతూ, ఆపైన డిఫరెన్షియల్‌లోని క్రౌన్ పినియన్ పళ్ళచక్రాల జతతో వేగాన్ని ఇంకా తగ్గించడం వల్ల తాడు మనిషి నడకకన్నా నిదానంగా వస్తుంది. డ్రమ్మును వెనుక ఇరుసుకన్నా కిందికి పెట్టడం మీద మా మేస్త్రీ ఎంతో పట్టుబట్టారు, అది పూర్తిగా న్యాయమైన పట్టుదల: లాగుడు ఇరుసుకు పైనుంచి పడితే ట్రాక్టరు ముందు చక్రాలు గాలిలోకి లేస్తాయి. చట్రం అడుగున ఉన్న వెడల్పాటి రేకు గట్టు మట్టిలోకి దిగబడి, బండి చెరువు వైపు జారకుండా నిలబెడుతుంది.

తాడు రెండో కొసకు ఆరడుగుల దంతె ఉంటుంది. నల్లని కుచ్చుల్లాంటి వేళ్ళ కిందికి పళ్ళు దిగాలి కనుక వాటిని అడుగున్నర పొడవు ఉంచాం. చేపపిల్లలు జారిపోయేలా, మొక్క మాత్రం జారకుండా పంటికీ పంటికీ మధ్య నాలుగంగుళాల సందు ఇచ్చాం. రెండు చివరలా 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ములు కట్టడం వల్ల దంతె నీటిపైనే తేలుతూ వస్తుంది. అడుగు బురదను గీకకూడదన్నదే దీని ఉద్దేశం, ఎందుకంటే ఆ బురదలో పడిన డెక్క విత్తనాలు పదిహేను, ఇరవై ఏళ్ళ దాకా మొలకెత్తే శక్తితో ఉండగలవు. తాడు విషయంలో ఫిషింగ్ హార్బర్‌లో పనిచేసే ఒక పెద్దాయన సలహా ఎంతో మేలు చేసింది: నైలాన్ తాడు సాగి, తెగితే కొరడాలా వెనక్కి కొడుతుందనీ, పైగా నీటిలో మునుగుతుందనీ చెప్పి, నీటిపై తేలే పాలీప్రొపిలీన్ తాడే ఎంపిక చేశారు.

వేసవిలో నైరుతి గాలి డెక్కను తనంతట తానే ఈశాన్య గట్టుకు నెడుతుంది కాబట్టి ట్రాక్టరును అక్కడే నిలుపుతున్నాం. తెప్ప మీద ఇద్దరు దంతెను గుంపు వెనక్కి తీసుకువెళ్ళి దింపుతారు, గట్టు మీద ఒకరు జెండా ఊపితే డ్రైవరు డ్రమ్మును తిప్పుతారు. తీగలతో పెనవేసుకున్న మొక్కలు చాపలా ఒక్క ముద్దగా కదిలి రావడం చూసిన సభ్యులకు ఆ తృప్తి వేరే చెప్పనవసరం లేదు. పని జరిగేటప్పుడు పీటీవో షాఫ్టుకు తొడుగు తప్పనిసరి. లుంగీ, తువ్వాలు, వదులు పైట వేసుకున్నవారిని యంత్రం దగ్గరికి రానివ్వకూడదన్న నియమాన్ని ఇకమీదట కూడా సడలించబోము. లాగుతున్న తాడు దాటి ఎవరూ నడవకూడదు.

గట్టెక్కిన డెక్కలో తొంభై శాతానికి పైగా నీరే. కొన్నాళ్ళు ఎండితే కుప్ప బాగా చిన్నబోతుంది, బరువు దిగిపోతుంది. అప్పుడే పేడతో కలిపి ఎరువు గుంటల్లో వేస్తున్నాం. మురుగునీటిలో పెరిగిన మొక్క తనలో లోహాలను పట్టి ఉంచుకుంటుంది కాబట్టి పశువులకు వేయవద్దని పాలు పోసేవారికి నచ్చజెప్పాం. ఆ ఎరువును కూడా కూరగాయలకు కాక నీడచెట్లకే వాడుతున్నాం. నీటికోళ్ళు వానాకాలంలో గూళ్ళు పెట్టుకునే పడమటి అంచున జమ్మును మేము ముట్టుకోలేదు, దానిని శుభ్రం చేయమని అడుగుతున్నవారు ఈ కారణాన్ని దయతో గమనించగలరు.

డెక్క వేళ్ళను పట్టుకుని వాటి నుంచే గాలి పీల్చుకునే మాన్సోనియా దోమల పిల్లపురుగులు ఫైలేరియాను వ్యాపింపజేసే జాతికి చెందినవి కనుక, చెరువు పక్క వీధుల ఆరోగ్యం కూడా ఈ పనితో ముడిపడి ఉంది.

గెడ్డ నీరు శుద్ధి కానంతకాలం డెక్క తిరిగి వస్తూనే ఉంటుంది. కనుక వానలకు ముందు ఒకసారి, వానలు ముగిశాక ఒకసారి దంతె దించాలనీ, మధ్యలో తెప్ప మీద వెళ్ళి విడి మొక్కలను చేత్తో ఏరాలనీ కార్యవర్గం తీర్మానించింది. గెడ్డ చెరువులో కలిసేచోట ఖాళీ డ్రమ్ములను వరుసగా తాడుకు కట్టి, కొట్టుకొచ్చే మొక్కలను అక్కడే ఆపే అడ్డుకట్టకు, తాడు మార్పిడికి కావలసిన నిధిని సర్వసభ్య సమావేశం ఆమోదించవలసిందిగా కోరుతున్నాం.