షార్ట్‌వేవ్ రేడియో కొన్నవాళ్ళకూ, కొందామనుకునేవాళ్ళకూ

అక్టోబర్ చివరి ఆదివారం దాటినప్పటి నుంచి హన్మకొండలోని మా దుకాణానికి రేడియోలు వాపసు వస్తున్నాయి. అందరిదీ ఒకటే మాట: "మొన్నటిదాకా మంచిగ వచ్చిన స్టేషన్ ఇప్పుడు రావట్లేదు, సెట్ ఖరాబైంది." సెట్‌కు ఏమీ కాలేదు. షార్ట్‌వేవ్ స్టేషన్లు, అంటే దూరదేశాల నుంచి కూడా వినిపించేవి, ఏడాదికి రెండుసార్లు, మార్చి చివరి ఆదివారం ఒకసారి, అక్టోబర్ చివరి ఆదివారం ఒకసారి, టైములూ ఫ్రీక్వెన్సీలూ మార్చుకుంటాయి. మీరు మెమరీలో పెట్టుకున్న నంబర్ దగ్గర ఇప్పుడు ఆ స్టేషన్ లేదు, అంతే. కొత్త పట్టికల్లో టైము యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే లెక్కగా వాడే టైములో ఉంటుంది, దానికి ఐదున్నర గంటలు కలుపుకోవాలి. 1430 అని ఉంటే మనకు రాత్రి 8 గంటలు. ఈ లెక్కలు ఎందుకనుకుంటే సెట్ పట్టుకుని రండి, నేనే ఎక్కించిస్తా. డబ్బులేమీ వద్దు.

ఇంకొన్ని సంగతులు కొనేముందే తెలియాలి. లేకపోతే నెల తిరక్కుండా సెట్ అటకెక్కుతుంది.

రిటైరైన పెద్దసార్లు చాలామంది సిలోన్ (శ్రీలంక) రేడియో తెలుగు పాటల కోసం అడుగుతున్నారు. అవి ఇప్పుడు షార్ట్‌వేవ్‌లో లేవు. బీబీసీ హిందీ కూడా 2020 జనవరి 31తో షార్ట్‌వేవ్ బంద్ చేసింది. ఇప్పుడు సాయంత్రం గట్టిగా వినిపించేవాటిలో చైనా రేడియో ముందుంటుంది, హిందీలో కూడా మాట్లాడుతుంది. దాంతో పాటు అరబ్బీ, ఉర్దూ, కొన్ని ఇంగ్లిష్ స్టేషన్లు, మత ప్రచార కార్యక్రమాలు. ఏ దేశం తగులుతుందో చూద్దాం అని డయల్ తిప్పడం ఇష్టమున్నవాళ్ళకు ఇది పండగే. రోజూ టైముకు తెలుగు వార్తలు కావాలంటే మాత్రం ఈ సెట్‌కు డబ్బులు పెట్టకండి.

పగలు మధ్యాహ్నం పెట్టి "ఏమీ రావట్లేదు" అనేవాళ్ళూ ఉన్నారు. దూరపు స్టేషన్ల తరంగాలు పైన ఆకాశంలో అయనోస్ఫియర్ అనే పొరలకు తగిలి తిరిగి కిందికి వస్తాయి. డయల్ మీద స్టేషన్లు గుంపుగా ఉండే భాగాలను బ్యాండ్లంటారు, వాటిని మీటర్లతో పిలుస్తారు. ఎండలో 49, 41 మీటర్ల బ్యాండ్లను అందులోని కింది పొర పీల్చేస్తుంది, కాబట్టి పగలు 19, 16 మీటర్లు చూడండి. పొద్దుగూకాక 31, 25 మీటర్లలో మొదలుపెట్టి, రాత్రి ముదిరేకొద్దీ 41, 49 వైపు దిగండి.

అసలు సమస్య చాలాసార్లు ఇంట్లోనే ఉంటుంది. మొన్న కాజీపేటలో ఒకరింటికి వెళ్ళా. టీవీ పక్కనే రేడియో, దాని పక్కన ఫోన్ చార్జర్, పైన ఎల్‌ఈడీ బల్బు. 31 మీటర్లంతా గుయ్‌మని ఒకటే మోత. బల్బు ఆర్పితే సగం తగ్గింది. సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్ ప్లగ్ పీకగానే మాట స్పష్టంగా వచ్చింది. ఆయన నన్ను అనుమానంగా చూశారు, నేనేదో మీట నొక్కాననుకుని! చార్జింగ్‌లో పెట్టి వినకండి. సెల్లు వేసుకుని డాబా మీదికి వెళ్ళండి. ఏడెనిమిది మీటర్ల మామూలు వైరును పిట్టగోడ మీదుగా కట్టి, కొస చెక్కి రేడియో ఏరియల్‌కు క్లిప్ పెడితే తేడా మీకే తెలుస్తుంది. కరెంటు తీగలకు దూరంగా కట్టండి. మబ్బు పట్టి ఉరుముతుంటే మాత్రం ముందే వైరు పీకేయాలి, ఇందులో బద్ధకం పనికిరాదు.

అమెరికా నుంచి పిల్లలు పంపిన సెట్లది ఇంకో కథ. మీడియం వేవ్‌లో మన దగ్గర స్టేషన్ల మధ్య 9 కిలోహెర్ట్జ్ ఎడం, అక్కడ 10. అలాంటి సెట్‌లో మన ఆకాశవాణి హైదరాబాద్ 738 కోసం చూస్తే 730, 740 మీద ఆగుతుంది తప్ప 738 మీద ఆగదు, గొంతు ముద్దగా వస్తుంది. చాలా సెట్లలో ఈ పద్ధతి మార్చే మీట ఉంటుంది. తీసుకొస్తే నిమిషంలో మార్చిస్తా.

2023 జూలైలో మోరంచపల్లి మునిగిన తర్వాత భూపాలపల్లి, ములుగు వైపు వాళ్ళు "వరదల్లో పనికొచ్చే రేడియో" అని అడగడం ఎక్కువైంది. దానికి షార్ట్‌వేవ్ అక్కర్లేదు. మన జిల్లా కబురు చైనా వాడు చెప్పడు కదా. మీడియం వేవ్, ఎఫ్‌ఎం ఉన్న చిన్న సెట్, రెండు జతల సెల్లు చాలు. నాకు మిగిలేది తక్కువే, అయినా అదే కొనండి.

ఇక నుంచి షార్ట్‌వేవ్ సెట్‌ను సాయంత్రం ఆరు తర్వాత వచ్చి, దుకాణం పైన డాబా మీద విన్నాకే తీసుకెళ్ళండి. క్లిప్పుతో సహా వైరు నేనే ఇస్తా. ఇంట్లో వారం వాడి నచ్చకపోతే, గీతలు పడకుండా తెస్తే పూర్తి డబ్బు వాపసు. దుబాయ్ నుంచి తెచ్చుకున్న పాత సెట్లు కూడా చూస్తా. డయల్ దారం తెగినా, బ్యాండ్ స్విచ్‌లో గరగర ఉన్నా రెండు రోజుల్లో అవుతుంది. గ్యాంగ్ (డయల్ తిప్పితే స్టేషన్ మార్చే భాగం) పోయినవి మాత్రం పాత సెట్లోంచి దొరికిందాకా ఆగాలి, తొందరపెట్టకండి.