మంత్రిగారూ, మా ఫ్రీజర్ ఫైలు ఎక్కడ కరిగిపోయిందండి?

గౌరవనీయులైన ఉన్నత విద్యాశాఖ మంత్రిగారికి నమస్కరించి రాయునది.

అయ్యా, ఇప్పటికి నాలుగు అర్జీలు పెట్టుకున్నాను. రెండు రిజిస్టర్డ్ పోస్టులో, ఒకటి సోమవారం గ్రీవెన్సులో, ఒకటి మీ పీఏ గారి చేతికి స్వయంగా. అందినట్టు కార్డులు మాత్రం తిరిగొచ్చాయి. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను. గోదారి జిల్లా దాన్ని కాబట్టి కోపంలో కూడా 'అండి' వదలను, గమనించగలరు.

మా ల్యాబులో రక్తం నమూనాలు దాచే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ ఆగిపోయి 14 నెలలైందండి.

పీహెచ్‌డీ నిబంధనలు మీకు తెలిసినవే. 12 క్రెడిట్ల కోర్సువర్కు పూర్తి చేశాను, 55 శాతం దాటాను. ఎలా దాటానంటే, డీఎన్ఏకి నకళ్లు తీసే పీసీఆర్ మెషీన్ని ప్రొజెక్టర్ తెర మీద చూసి, బొమ్మ గీసి, భాగాలు గుర్తించాను. నిజంగా చేతులు పెట్టిన ప్రాక్టికల్ ఒక్కటే, ఫాస్ఫరస్ కొలిచే ఫిస్క్-సుబ్బారావు పద్ధతి. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో ఉండగా ఫిస్క్ గారితో కలిసి 1925లో ప్రచురించింది. అమ్మోనియం మాలిబ్డేట్ పోసి, రెడ్యూసర్ కలిపితే ట్యూబులో నీలం రంగు రావాలి. పది నిమిషాలు కళ్లప్పగించి చూశాం. మంచినీళ్లలాగే ఉంది. సీసా తిప్పి చూస్తే గడువు ఎప్పుడో తీరిపోయింది. సీనియర్ల రికార్డులోంచి రీడింగులు ఎక్కించుకున్నాం. అదే సెమిస్టర్‌లో పరిశోధన నైతికత పేపర్లో 'డేటా కల్పన అనగానేమి?' అని ప్రశ్న. బాగానే రాశానండి, అనుభవం మీద.

సరే, అది పోనివ్వండి.

నా పని బోదకాలు మీద, అదే ఫైలేరియా. ఆ జబ్బు తెచ్చే పురుగు పిల్లలు రాత్రి పొద్దుపోయాకే పైపై రక్తనాళాల్లోకి వస్తాయి. అందుకని పది నుంచి రెండింటి దాకా కాలవగట్ల వెంట అన్నయ్య బండి మీద ఊరూరా తిరిగాను, వెనకాల ల్యాబ్ టెక్నీషియన్ గారు ఇంకో బండి మీద. నిద్రలేపితే ఎవరూ విసుక్కోలేదు. ఒక మామ్మగారైతే చెయ్యి చాచి, "నా కాలు ఎలాగూ తగ్గదు, పిల్లలకైనా పనికొస్తుందేమో తీసుకోమ్మా" అంది. అలా 212 మంది సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే నీరు, ఆ ఫ్రీజర్‌లో దాచాను.

మే నెల, రెండో శనివారం ముందురోజు రాత్రి కరెంటు పోయింది. జనరేటర్ ఉంది, డీజిల్ బిల్లు మీద సంతకం లేదు. కరెంటు తిరిగొచ్చిన ఊపుకి కంప్రెసర్ కాలిపోయింది. స్టెబిలైజర్ కావాలని మా సార్ ఫైలు పెట్టి అప్పటికే ఏడాది. సోమవారం పొద్దున తలుపు తీస్తే అరల్లోంచి నీళ్లు కారుతున్నాయి. లేబుళ్ల మీద సిరా అలుక్కుపోయింది. మామ్మగారి ట్యూబు ఏదో తెలీలేదు. చేత్తో పట్టుకుంటే గోరువెచ్చగా తగిలింది.

మళ్లీ మొదలెట్టాను. ఈసారి దంచిన ఐసు, కల్లుప్పు, థర్మోకోల్ పెట్టె. మా వైపు ఐసు ఫ్యాక్టరీలకి కొదవలేదు కదా. రోజుకి రెండుసార్లు ఐసు మార్చడం, అర్ధరాత్రి లేచి థర్మామీటర్ చూసుకోవడం, ఒకటే టెన్షన్. ఓ రొయ్యల ప్లాంటు కోల్డ్ స్టోరేజీలో మూల చోటు అడిగాను. మేనేజరు గారు టీ ఇచ్చి మరీ, "మనుషుల రక్తం మా సరుకు పక్కన పెడితే కంటైనర్ వెనక్కొచ్చేస్తుందమ్మా" అన్నారు. ఆయన తప్పేం లేదు. అడిగిన నాదే తప్పు.

జనవరి 12న, పుట్టినరోజని, సుబ్బారావు గారి ఫొటోకి దండ వేసి, ఆయనంతటి వాళ్లు కావాలని మాకు చెబుతారు. ఫైలేరియాకి వాడే డీఈసీ మందు కూడా ఆయన బృందం నుంచి వచ్చిందే. ఆయన ఊరి పక్కన ఫైలేరియా మీద పనిచేసే పిల్లకి కంప్రెసర్ లేదు. ఫెలోషిప్ సంగతి ఇక్కడ ఎత్తను, దానికి వేరే ఉత్తరం కావాలి.

కంప్రెసర్ ఇప్పించండి. కుదరకపోతే స్టెబిలైజరైనా ఇప్పించండి. అదీ కుదరకపోతే, కుదరదని ఒక్క కాగితం ముక్క రాసివ్వండి. ఆరేళ్ల గడువులో నాకిది నాలుగో ఏడు. గైడు గారికి చూపించుకోడానికైనా ఉంటుంది. కంప్రెసర్ ఇస్తే మాత్రం కాగితం అక్కర్లేదండి.

ప్రస్తుతం ఆ ఫ్రీజర్‌లో పాత జవాబు పత్రాలు పెట్టారు. తలుపు గట్టిగా పడుతుంది కాబట్టి చెదలు పట్టవట.

ఇట్లు,
భీమవరం పక్క పల్లె నుంచి
ఒక పరిశోధక విద్యార్థిని