పాటల కోసం పాత కారు రేకు కోయించవద్దు

సంపాదక మహాశయులకు,

నమస్కారం. గంజాం జిల్లాలో, ముఖ్యంగా మా బరంపురంలో, తాతల నాటి అంబాసిడర్లనూ ప్రీమియర్ పద్మినీలనూ అమ్ముకోకుండా జాగ్రత్తగా చూసుకుంటున్న తెలుగు కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. కారు కొడుకుల చేతికి రాగానే మొదట మారేది స్టీరియో. మార్చుకోవడం తప్పని నేననను. నాటి రేడియోలలో చాలావాటికి మీడియం వేవ్ తప్ప మరొకటి పలకదు, ఉన్న ఒక్క స్పీకరు కాగితం కూడా ఏనాడో చిరిగిపోయి ఉంటుంది. నా ఆవేదనంతా ఆ పని జరుగుతున్న తీరు గురించే.

ఇటీవల ఒక పరిచయస్థుని అంబాసిడర్ తలుపు అట్ట విప్పి చూశాను. ఆరంగుళాల స్పీకరు కోసం లోపలి రేకును గుండ్రంగా కత్తిరించి, అంచుకు తుప్పు పట్టకుండా పూసే రెడాక్సైడు కూడా పూయకుండా వదిలేశారు. గోపాల్‌పూర్ వైపు నుంచి ఉప్పుగాలి వీచే ఊరు మాది. ఆ అంచు నుంచి తుప్పు పొరలుగా లేచి, రాలి, తలుపు అడుగున వాననీరు పోవలసిన కంతలను మూసేసింది. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది కనుక ఆ తలుపు పాడైతే పాత సామాను కొట్లలో వెతుక్కోవలసిందే. పైగా 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న వాహనాలకే వింటేజ్ గుర్తింపు లభిస్తుంది. ఆ ఆశ ఉన్నవారు బాడీ మీద రంపం పెట్టించే ముందు మరొక్కసారి ఆలోచించాలి.

రేకు సంగతి అలా ఉంచితే, ప్రమాదం కరెంటు దగ్గర ఉంది. ఇంజను తిరుగుతుండగా కరెంటు పుట్టించడానికి పాత కార్లలో చాలావాటికి ఈనాటి ఆల్టర్నేటర్ ఉండదు, పాతకాలపు డైనమో ఉంటుంది. అది మహా అయితే 20, 22 ఆంపియర్లు ఇస్తుంది, ఇంజను ఐడిల్‌లో ఉన్నప్పుడు దాదాపు ఏమీ ఇవ్వదు. రెండు హెడ్‌లైట్లే 9 ఆంపియర్ల దాకా లాగుతాయి. అటువంటి బండికి 300 వాట్ల సాధారణ యాంప్లిఫయర్ బిగిస్తే పూర్తి జోరు మీద అదొక్కటే 40 ఆంపియర్లు అడుగుతుంది. అప్పుడు బ్యాటరీ దిగిపోవడమే కాదు, దశాబ్దాల నాటి వైర్ల తొడుగు వేడికి పెళుసుబారి చిట్లుతుంది. మరికొన్ని పాత బళ్లలో బ్యాటరీ పాజిటివ్ కొసే బాడీకి ఎర్త్ అయి ఉంటుంది. ఈనాటి స్టీరియోలన్నీ నెగెటివ్ ఎర్త్‌కు చేసినవి కనుక, చూసుకోకుండా కలిపితే సెట్టు అక్కడికక్కడే కాలిపోతుంది. స్టీరియో బిగించే ఎలక్ట్రీషియన్ సోదరులు మొదట బానెట్ ఎత్తి డైనమోనా కాదా, ఎర్త్ ఏ కొసకు ఉందో ఈ రెండూ చూడాలని నా మనవి.

మంచి శబ్దానికి పెద్ద వాట్లు అక్కరలేదు. స్పీకరు సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవరుకు అది ఎంత బిగ్గరగా పలుకుతుందనే కొలత, 3 డెసిబెళ్లు ఎక్కువైతే సగం పవరుకే అంతే శబ్దం వస్తుంది. కాబట్టి డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేసిన వాట్లను కాక, 90 డెసిబెళ్లకు పైబడిన సెన్సిటివిటీని చూసి కొనడం మేలు. వాటికి తక్కువ కరెంటుతో నడిచే చిన్న క్లాస్-డి యాంప్లిఫయర్ సరిపోతుంది. దాన్ని బ్లూటూత్ రిసీవరుతో కలిపి సీటు కింద దాచి, పాత రేడియోను డాష్‌బోర్డులో ఉన్నచోటనే ఉంచవచ్చు. తలుపులు కోయనక్కర లేకుండా వెనుక అద్దం కింది చెక్కపలకకు, ముందు కాళ్ల దగ్గరి పక్కలకు చెక్క పెట్టెలు చేయించి స్పీకర్లు అమర్చుకోవచ్చు. వెనుక మూసి ఉన్న పెట్టెలోనే స్పీకరు బేస్ నిండుగా పలుకుతుంది. ఖాళీగా వేలాడదీస్తే స్పీకరు వెనుక నుంచి వచ్చే శబ్దం ముందు శబ్దాన్ని చెరిపేసి గొంతు పీలగా వినిపిస్తుంది. యాంప్లిఫయర్‌కు బ్యాటరీ నుంచి నేరుగా వేరే మందపు వైరు లాగి, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు పెట్టించడం తప్పనిసరి.

ఈ పనులు చేసే కుర్రవాళ్లకు మా జిల్లాలో తెలుగులో చదువుకునే సమాచారం దొరకడం లేదు. మీ వాహనాల పేజీలో వైరింగ్ బొమ్మలతో సహా ఈ అంశంపై ఒక వ్యాసం ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా