మారుమనసు పొందిన దొంగ: లూకా చెప్పినది, కథలు చేర్చినది

సంపాదకులకు నమస్కారం.

యేసుతోపాటు సిలువ వేయబడి, చివరి గడియలో మారుమనసు పొందిన దొంగను గురించి గుడ్ ఫ్రైడే నాటి మీ ప్రత్యేక పేజీలో వ్యాసం ప్రచురించినందుకు కృతజ్ఞతలు. అయితే అతని పేరు దిస్మాస్ అనీ, ఐగుప్తుకు (ఈజిప్టుకు) వెళ్ళే దారిలో బాలయేసును దోపిడీ నుంచి కాపాడాడనీ, ఆ మేలుకు ప్రతిఫలంగానే సిలువపై రక్షణ దొరికిందనీ, ఇదంతా లూకా సువార్తలోనే ఉన్నట్టు ఆ వ్యాసం చెప్పింది. లూకాలో ఇవేవీ లేవు.

లూకా 23వ అధ్యాయంలో 39 నుంచి 43 వరకు ఉన్న అయిదు వచనాలే అతని చరిత్ర. అందులో అతని పేరు లేదు, ఊరు లేదు, చేసిన నేరమేమిటో లేదు. యేసుకు కుడివైపున ఉన్నవాడా, ఎడమవైపున ఉన్నవాడా అన్నది కూడా లేదు. మత్తయి, మార్కు సువార్తలలోనైతే యేసుకు ఇరువైపులా ఉన్న దొంగలిద్దరూ ఆయనను నిందించారనే ఉంది. మొదట ఇద్దరూ నిందించగా, తరువాత ఒకడి మనసు మారిందని జెరోము వంటి ప్రాచీన వ్యాఖ్యాతలు సమన్వయించారు. నాకు ఆ వివరణే సబబుగా తోస్తుంది.

ఈ దొంగకు దిస్మాస్, రెండవవాడికి గెస్తాస్ అనే పేర్లు బైబిలులో చేరని నికొదేము సువార్త నుంచి వచ్చాయి. భుజాన సిలువతో దిస్మాస్ పరదైసులోకి, అంటే పరలోకపు తోటలోకి వచ్చి, అక్కడి పితరులకు, అంటే పూర్వకాలపు భక్తులకు తన సంగతి చెప్పుకునే ఘట్టం కూడా ఆ గ్రంథంలోదే, చదవదగిన ఘట్టం. ఐగుప్తు దారి కథ మాత్రం అరబీ భాషలో లభించే బాల్య సువార్తలోది. అందులో అతని పేరు తీతు, తోటి దొంగ పేరు దుమాకు. మరియ యోసేపుల జోలికి పోవద్దని తీతు తన తోటివాడికి నలభై ద్రాక్మాల సొమ్ము ఇవ్వజూపుతాడు. ముప్పై ఏళ్ళ తరువాత ఈ ఇద్దరూ తనతో సిలువ వేయబడతారని బాలయేసు తల్లితో చెబుతాడు. ఒక గ్రంథంలోని పేరును మరో గ్రంథంలోని సంఘటనతో తరువాతి కథకులు కలిపేశారు; దానినే మీ వ్యాసం లూకాకు ఆపాదించింది.

భక్తిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కతోలిక సంఘం మార్చి 25న అతనిని పునీతుడిగా స్మరిస్తుంది. రష్యా సంఘాల సిలువపై పాదాల కింది అడ్డుకొయ్య వాలుగా ఉండి, సంప్రదాయం అతని వైపుగా చెప్పే కొన పైకి లేచి ఉంటుంది.

నా బాధ మరొకటి. గుడ్ ఫ్రైడే ఆరాధనలో సిలువపై పలికిన ఏడు మాటలను ధ్యానించే గుంటూరు సంఘాలలో, రెండవ మాట వచ్చేసరికి ప్రసంగీకులు నొక్కి చెప్పేది ఒకటే: ఆ మనిషి చేతిలో ఏ పుణ్యమూ లేదు. “మనము చేసినవాటికి తగిన ఫలము పొందుచున్నాము” అని ఒప్పుకుని, తనను జ్ఞాపకం చేసుకొమ్మని మాత్రమే అడిగాడు. బాలయేసుకు చేసిన ఉపకారాన్ని మధ్యలోకి తెస్తే “నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు” అన్న మాట పాత బాకీ తీర్చినట్టవుతుంది. కృప, అంటే అర్హత లేకున్నా దొరికే దయ, అన్నదానికి అక్కడ చోటే ఉండదు. జైలులో ఈ భాగాన్ని వినే ఖైదీకి, గతంలో చూపుకోవడానికి ఒక్క మంచిపని కూడా లేనివాడికి, ఈ తేడా చిన్నది కాదు.

మీ పత్రికను లూథరన్లూ కతోలికులూ మాత్రమే కాదు, బైబిలు ఎన్నడూ తెరవని హిందూ, ముస్లిం పాఠకులూ చదువుతారు. సరిచూసుకునే వీలు లేనివారు అచ్చులో ఉన్నదాన్నే లేఖనమనుకుంటారు. కనుక ఈ వ్యాసానికి సవరణ ప్రచురించవలసిందిగానూ, ఇకపై పండుగ ప్రత్యేక పేజీలలో సువార్తలోని మాటకు అధ్యాయం, వచనం సంఖ్యలనూ, తరువాతి గాథకు దాని మూలగ్రంథం పేరునూ పక్కనే ముద్రించవలసిందిగానూ కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, బ్రాడీపేట, గుంటూరు