బుంగి ఉగాదికి రావడం లేదు, కారణం ఇదీ

కొల్లేటి కథలకు ముందుగా డబ్బు కట్టిన తల్లిదండ్రులందరికీ నమస్కారం. ఆరు యానిమేషన్ కథలూ ఉగాదికి ఇస్తామని మాటిచ్చాను. ఇవ్వలేకపోతున్నాం. జూన్‌లో బడులు తెరిచేలోపు ఇస్తాం. తప్పు నాదే, జరిగింది దాచకుండా చెబుతాను.

మన కథల్లోని బుంగి కొల్లేటి గూడబాతు పిల్ల. గూడబాతు అంటే పొడుగు ముక్కు కింద సంచి వేలాడే పెలికాన్ పక్షి. దీపావళికి మీకు పంపిన పోస్టర్లో ఉన్నది మొదటి బుంగి. గుండ్రటి తల, పెద్ద కళ్లు, పొట్టి ముక్కు, మెడలో ఎర్ర రిబ్బన్. చూడగానే ముద్దొస్తోందని నేనే ఖాయం చేశాను. రెండు కథలు సగం దాకా అయ్యాయి కూడా.

పాత్రను గీశాక మొత్తం నల్లరంగు నింపేసి, ఆ నీడను చూపించి ఎవరో పోల్చమని అడగాలి. మా పనిలో ఇది మొదటి వారంలోనే చేయాల్సిన పరీక్ష. తొందరలో వదిలేశాను. సంక్రాంతికి కైకలూరులో అక్కావాళ్లింటికి వెళ్లినప్పుడు ఆ నీడబొమ్మను వీధిలో పిల్లలకు చూపించాను. పక్కనే ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతుల్ని చూస్తూ పెరిగిన పిల్లలు. తొమ్మిది మందీ "బాతు" అన్నారు. ఒక చిన్నది మాత్రం కాసేపు చూసి, "దీని సంచి ఏది?" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున్నే మా బొమ్మలు గీసే అమ్మాయిని పిలిపించి ఆటపాక చెరువుకు తీసుకెళ్లాను. అక్కడ గూళ్ల కోసం నీళ్లలో స్టాండ్లు నిలబెట్టారు. ఒక పిల్ల తల్లి నోట్లోకి తల మొత్తం దూర్చి చేపలు తింటోంది. మెడ దాకా లోపలే ఉంది, రెక్కలు మాత్రం టపటపా కొట్టుకుంటున్నాయి. మా అమ్మాయి అదొక్కటే పదిహేను పేజీలు గీసింది. కొత్త బుంగి ఆ పేజీల్లోంచే వచ్చింది. పొడుగు ముక్కు, కింద వేలాడే సంచి, వెనక్కి వాలిన మెడ. ఇప్పుడు నీడ చూసినా గుర్తుపడతారు.

ఇంకో పొరపాటు కూడా అక్కడే బయటపడింది. మేం బుంగి ముక్కు మీద చుక్కలు పెట్టాం. ఆ చుక్కలు పెద్ద పక్షులకే ఉంటాయి, పిల్లలకు ఏడాది దాటాకే వస్తాయి. తీసేశాం. తీసేశాకే బుంగికి స్వభావం వచ్చింది. నాకెప్పుడొస్తాయి చుక్కలు అని రోజూ నీళ్లలో మొహం చూసుకునే పిల్ల అది. మొదటి కథ మళ్లీ రాసింది అందుకే.

మాట పలికించడానికి నెల పైనే పట్టింది. ప, బ, మ అనాలంటే పెదవులు కలవాలి. అంత పొడుగు ముక్కు ప్రతిసారీ తెరుచుకుని మూసుకుంటే గాలికి తలుపు కొట్టుకున్నట్టు ఉంది. పైగా ఏ శబ్దానికి నోరు ఎలా ఉండాలో చూపే బొమ్మల పట్టిక ఒకటి వాడాం, అది ఇంగ్లీషు మాటల కోసం చేసింది. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, చివర్న నోరు తెరిచే ఉండాలి. చివరికి ముక్కును కొంచెమే కదిలించి, అచ్చులన్నీ సంచితో పలికించాం. 'ఆ' అంటే సంచి జారుతుంది, 'ఈ' అంటే సాగుతుంది, 'ఓ' అంటే గుండ్రంగా ఉబ్బుతుంది. అలిగితే పేరుకు తగ్గట్టు నిజంగానే బుంగమూతి పెడుతుంది. మొదటిసారి స్క్రీన్ మీద అది "అమ్మా" అన్నప్పుడు మా ముగ్గురికీ కళ్లు చెమర్చాయి.

సెకనుకు 12 బొమ్మల లెక్కన నాలుగు నిమిషాల కథకు 2,880 బొమ్మలు. చాలావరకు రిగ్‌తో, అంటే ఒకసారి గీసిన బొమ్మకు కంప్యూటర్లో కీళ్లు పెట్టి, కదిలిస్తాం కానీ సంచిని మాత్రం చేత్తోనే గీస్తున్నాం. ఆలస్యానికి అసలు కారణం అదే. అక్కడ తొందరపడను.

ఇప్పటికి ఒక కథ పూర్తయింది, రెండోది సగంలో ఉంది. ఆగలేమనుకునే వాళ్లు మీరు కట్టిన 600 రూపాయలు అడగండి, వారంలో వెనక్కి వేస్తాను, కారణం చెప్పక్కర్లేదు. ఆగే వాళ్లకు కొత్త పోస్టర్ ఉచితంగా పంపుతాను. పాత బుంగిని పిల్లలు గోడకు అంటించుకుని ఉంటే దయచేసి తీయించకండి. రెండో కథలో ఎర్ర రిబ్బన్ కట్టుకున్న బాతుపిల్లగా, బుంగి స్నేహితురాలిగా అది వస్తోంది.